ఎలోడీ పెట్టెకు కొత్త ట్యూబులు

గురువారం పొద్దున పదకొండు గంటలకు, పొయ్యి మీద గంబో పులుసు కుతకుతలాడుతుండగా, ఎలోడీ గిడ్రీ ఆంప్లిఫయరు పెట్టె ప్రాణం విడిచింది. పోయేముందు ఒక్కసారి దగ్గింది, రెండుసార్లు గురక పెట్టింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఎలోడీ ఒక చేత్తో పులుసు కలుపుతూనే ఇంకో చేత్తో పెట్టె వెనక రేకు విప్పింది. పాతకాలపు రేడియోల్లో ఉండేలాంటి గాజు ట్యూబులు వరసగా నిలబడి ఉన్నాయి. చివరన ఉన్న పెద్దవి రెండూ పవర్ ట్యూబులు. గిటారు గొంతుకు బలమిచ్చేవి అవే. వాటిలో ఒకదాని నెత్తి మీద అద్దంలా మెరవాల్సిన మచ్చ పాలవిరుగుడులా తెల్లబడింది. అంటే లోపలికి గాలి చొరబడినట్టే. గాలి పీల్చి బతికేవాళ్లం మనం. ఆ ట్యూబు మాత్రం గాలి పీలిస్తే చస్తుంది.

ఇంకొకరైతే తల పట్టుకుని కూర్చునేవారు. ఎలోడీ మాత్రం పకపకా నవ్వింది. పదకొండేళ్లపాటు ప్రతి శనివారం పొద్దున ఊరంతటినీ గంతులేయించిన జత అది. "వెళ్లిరా నాయనా, నీ పని నువ్వు చేశావు" అని ఆ ట్యూబును ముద్దు పెట్టుకుని చెత్తబుట్టలో వేసింది. ట్యూబు ఇంకా వేడిగా ఉంది. పెదవి చుర్రుమంది. దానికీ నవ్వింది. ఆమె స్వభావమే అంత. అరవై ఏడేళ్లు వచ్చినా ఆమె నవ్వుకు మాత్రం పధ్నాలుగు దాటలేదు.

ఆ పధ్నాలుగో ఏటే ఆమె స్టీలు గిటారు పట్టింది. నాలుగు కాళ్ల బల్లలా ముందు నిలబెట్టుకుని, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగెల మీద జారుస్తూ వాయించే గిటారు అది. దాని చేత ఏడిపించవచ్చు, నవ్వించవచ్చు, పక్కింటి వాళ్లతో పోట్లాడించవచ్చు కూడా. వాళ్ల నాన్నకు రైలుకట్ట పక్కన టీవీలు బాగుచేసే కొట్టు ఉండేది. ఆడపిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో ఎలోడీ ట్యూబులు పీకి, పరీక్షించే మిషన్లో గుచ్చి, "ఇది బతికుంది, ఇది పోయింది" అని తీర్పులు చెప్పేది. తర్వాత నోరిస్ గిడ్రీని పెళ్లాడింది. ధాన్యం ఆరబెట్టే మిల్లులో పనిచేసిన ఆ మంచివాడు పోయి తొమ్మిదేళ్లయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా శనివారం. సోస్తెన్ బారులో పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, రేడియోలో నేరుగా వెళ్లే ఆటపాటలు. అందులో మేనమామ కొడుకు హాడ్లీ కూర్విల్ బ్యాండు. ఆ బ్యాండులో ఎడమ పక్క కుర్చీ ఇరవై ఆరేళ్లుగా ఎలోడీది.

ఇక ఆమె దాచుకున్న సంగతి. ఎలోడీకి నాలుగేళ్లుగా పై స్వరాలు వినపడడం లేదు.

మొదట కీచురాళ్లు పోయాయి. వరిపొలాల్లో మందులు ఎక్కువ కొట్టి కీచురాళ్లను చంపేశారని ఆ వేసవంతా ఎలోడీ రైతులందరినీ ఉతికి ఆరేసింది. తర్వాత వంటింట్లో మైక్రోవేవ్ కూయడం మానేసింది. చెడిపోయిందని పారేసి కొత్తది తెచ్చింది. అదీ కూయలేదు. మూడోదీ కూయకపోయేసరికి అనుమానం వచ్చి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. "అమ్మా, మీ ఇంట్లో అన్నీ బాగానే కూస్తున్నాయి" అని ఆ పిల్ల డాక్టరు మెల్లగా చెప్పింది. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చింది. అది పెట్టుకుని ఎలోడీ ఒక్క శనివారం వాయించింది. హాడ్లీ చేతుల మధ్య సాగదీసి వాయించే అకార్డియన్ కాస్తా రేకు డబ్బాలో ఇరుక్కున్న బాతులా వినిపించింది. ఆ మిషను అప్పటినుంచి సొరుగులో ఉంది.

మరి ఎలా వాయిస్తోంది? కళ్లతో. ఏ గీత మీద కడ్డీ పెడితే ఏ స్వరం పలుకుతుందో యాభై ఏళ్ల అలవాటు. అది బాగా పలికిందో లేదో మాత్రం ఆడేవాళ్ల కాళ్లు చూసి తెలుసుకునేది. స్వరం సరిగ్గా పడితే మడమలు తేలికవుతాయి. కాస్త తప్పితే కాళ్లు నేలకు అతుక్కుంటాయి. నాలుగేళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

రాకూడదు కూడా. ఎందుకంటే మొన్న వసంతంలో ఫిడేలు వాయించే ఆల్టన్ వరసగా మూడు పాటలు పక్క శ్రుతిలో లాగించాడు. హాడ్లీ అతన్ని మైకు దగ్గరే పక్కకు పిలిచాడు. "చెవి పోయినవాడికి నా బ్యాండులో కుర్చీ లేదు" అన్నాడు. పాతికేళ్ల స్నేహితుడని కూడా చూడలేదు. ఆల్టన్ ఫిడేలు పెట్టెలో పెట్టుకుని, టోపీ తీసి అందరికీ దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజునుంచి ఎలోడీ ఆడేవాళ్ల కాళ్ల మీదనుంచి చూపు తిప్పడం లేదు. ఆ కుర్చీ పోతే ఆమెకు మిగిలేది వంటిల్లూ, కూయని మైక్రోవేవూ.

ట్యూబులు పోయిన గంటలో ఫోను మోగింది. ఫోను మోత మాత్రం ఆమెకు బాగానే వినపడుతుంది, బండగొంతు కాబట్టి.

"ఏమే ఎలోడీ, నీ పెట్టె గుటుక్కుమందట?" అన్నాడు హాడ్లీ.

"నీకెవరు చెప్పారు బావా? ఇంకా పులుసు కూడా దించలేదు."

"ఉత్తరాలు పంచే అమ్మాయికి నువ్వే చెప్పావట. ఇక్కడ కిరాణా కొట్లో పందేలు కూడా కాస్తున్నారు, నువ్వు ఏ జత పెడతావా అని. ఎందుకొచ్చిన గొడవ, మా అల్లుడి దగ్గర కొత్త రకం పెట్టె ఉంది. ట్యూబులూ లేవు, గీబులూ లేవు. అన్నం డబ్బా అంత ఉంటుంది. తెచ్చి పెడతా."

"అన్నం డబ్బాలో అన్నం పెట్టుకో బావా. నేను దాన్లో వాయించను."

"నీ ఇష్టం. ఏ జతయినా వాయించి చూసి చెవికి నచ్చింది పెట్టు. నీ చెవి మీద నాకు నమ్మకం. అసలు ఈ బ్యాండులో చెవులున్నది నీకూ నాకే."

ఎలోడీ గబగబా "అవునవును" అని ఫోను పెట్టేసింది.

బిస్కట్ల డబ్బాలో పాత సాక్సులు చుట్టి దాచిన జతలు మూడున్నాయి. ఒకటి సముద్రాలు దాటి పోస్టులో వచ్చిన కొత్త జత. రెండోది చర్చి జత. ఫాదర్ గారి మైకు పెట్టెను మార్చినప్పుడు ఎలోడీ అడిగి తెచ్చుకుంది. ముప్పై ఏళ్ల ప్రసంగాలు విని కూడా చెక్కుచెదరని జత అది. మూడోది మూతపడిన బారులోని పాటల మిషన్నుంచి పీకింది. దాన్ని జ్యూక్‌బాక్సు జత అనేది. మూడూ పనికొచ్చేవే, గొంతులు మాత్రం వేరువేరు. ట్యూబులు ఎంచుకోవడమంటే సంబంధం చూసినట్టే. కాగితం మీద అన్నీ ఒకలాగే ఉంటాయి, కాపురంలో తెలుస్తుంది. వినగలిగినవాళ్లు విని ఎంచుకుంటారు. ఎలోడీ ఏం చేయాలి?

పులుసు గిన్నె ముందు కూర్చుని రెండో పళ్లెం తింటుండగా ఆమెకు ఉపాయం తట్టింది. చెంచా గాల్లోనే ఆగింది. శుక్రవారం ఫిలొమీన్ పెద్దమ్మ పెరట్లో పందిని కోసుకునే వేడుక. ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. పెట్టె అక్కడికి తీసుకెళ్లి, మూడు జతలతోనూ అదే పాట వాయించి, ఎవరి కాళ్లు లేస్తాయో చూస్తే సరిపోతుంది. ముఖ్యంగా పెద్దమ్మ కాళ్లు. ఎనభై ఎనిమిదేళ్ల ఫిలొమీన్ పెద్దమ్మ జంటలు గిర్రున తిరుగుతూ ఆడే వాల్ట్జు పాట మంచిది వినపడితే చేతికర్ర పారేసి లేస్తుంది. ఆవిడ కాళ్లకంటే నమ్మకమైన చెవి ఆ చుట్టుపక్కల లేదు. ఎలోడీ తన తెలివికి తానే మురిసిపోయి మూడో పళ్లెం కూడా లాగించింది.

శుక్రవారం పెరడంతా తిరునాళ్లలా ఉంది. ఒకవైపు అన్నమూ మాంసమూ కలిపి పేగుల్లో బూడాన్ కూరుతున్నారు, ఒకవైపు మాంసం కొడుతున్నారు, వెనకవైపు పెద్ద ఇనుప మూకుట్లో గ్రాటాన్లు వేగుతున్నాయి. కొవ్వూ చర్మమూ కలిపి కరకరలాడేదాకా వేయించిన ఆ ముక్కలంటే ఆ ఊళ్లో ఎవరికైనా వెర్రి. ఎలోడీ సరిగ్గా ఆ మూకుడికి ముందు, వీపు దానివైపు పెట్టుకుని కూర్చుంది. కరెంటు తీగె అక్కడిదాకానే వచ్చింది మరి.

"ఏమే, పండగనాడు కూడా సాధకమేనా?" అంది పెద్దమ్మ కుర్చీలోంచి.

"నీ కోసమే పెద్దమ్మా. నీ కాళ్లకు తుప్పు పట్టకుండా."

"నా కాళ్లకు తుప్పు పట్టే వయసు ఇంకా రాలేదులే. వాయించు."

మొదట కొత్త జత. గుచ్చింది, మీటరు తగిలించింది, చిన్న మరను తిప్పుతూ ఎంత కరెంటు పోవాలో సరిచేసింది. ఎక్కువిస్తే ట్యూబు లోపలి రేకు ఎర్రగా కాలిపోతుంది, తక్కువిస్తే గొంతు పీలగా వస్తుంది. ఈ పని కళ్లది కాబట్టి ఎలోడీ చేతికి తిరుగు లేదు. వాల్ట్జు ఎత్తుకుంది. రెండు జంటలు లేచాయి. పోస్టాఫీసులో వరసలో నిలబడ్డవాళ్లలా బుద్ధిగా తిరిగి, పాట అయిపోగానే కూర్చున్నాయి. ఎలోడీ పెదవి విరిచింది.

కాస్త చల్లారేదాకా ఆగి, అంట్లగుడ్డతో పట్టుకుని వాటిని లాగి, చర్చి జత గుచ్చింది. అదే వాల్ట్జు. ఒక్కరూ లేవలేదు. బూడాన్ కూరేవాళ్ల చేతులు కూడా ఆగిపోయాయి. పెద్దమ్మయితే తల వాల్చి కళ్లు మూసుకుంది. "నిద్రపుచ్చేసింది దరిద్రపు జత! ముప్పై ఏళ్ల ప్రసంగాలు వంటబట్టాయి" అని ఎలోడీ లోలోపల తిట్టుకుని దాన్ని పీకేసింది.

చివరికి జ్యూక్‌బాక్సు జత. ఈసారి కాస్త పట్టుదలకు పోయి గొంతు పెద్దది చేసింది. వాల్ట్జు సగానికి వచ్చేసరికి తలెత్తి చూస్తే, ఏం చెప్పమంటారు, పెరడు పెరడంతా లేచి నిలబడింది! ఆడా మగా, పిల్లా జెల్లా, చేతులు ఊపుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, వెలిగిపోతున్న మొహాలతో తనవైపే వస్తున్నారు. పెద్దమ్మ కర్ర పారేసి అందరికంటే ముందుంది. కుక్కలు కూడా మోర పైకెత్తి పాడుతున్నాయి. ఎలోడీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ దక్కింది, ఇంకో పదేళ్లు దక్కింది అనుకుంది.

ఆమె వెనక మూకుడు దగ్గర ఎవరో సన్నగొంతుతో "గ్రాటాన్లు దింపేశాం, రండోయ్!" అని అరిచిన సంగతి ఆమెకు వినపడలేదు. పెట్టెలోంచి సూదిలాంటి ఈల ఒకటి బయల్దేరి కుక్కల చెవుల్లో గుచ్చుకుంటున్న సంగతి అంతకన్నా తెలియదు. గొంతు పెద్దది చేస్తే చాలు, ఆ జతలో ఒక ట్యూబు ఈల వేస్తుంది. గ్రాటాన్ల మూకుడు ముందు ఈలను పట్టించుకునే మనిషి ఆ ఊళ్లో పుట్టలేదు.

శనివారం పొద్దున ఎలోడీ కాళ్లు నేల మీద లేవు. ఎర్ర చొక్కా తొడిగింది, పెదాలకు అదే రంగు పూసింది. పెట్టెను చంటిపిల్లలా కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దానికి బెల్టు కూడా కట్టింది. దారి పొడవునా హారను కొట్టింది. తొమ్మిదయ్యేసరికి బారు కిక్కిరిసింది. బీరు సీసాలు చేతులు మారుతున్నాయి. రేడియోలో మాట్లాడే ఉలిస్, పశువుల దాణా ప్రకటన చదివి, "ఇక కాళ్లు కదపండి!" అన్నాడు.

హాడ్లీ అకార్డియన్ విప్పాడు. డ్రమ్ముల మీద రెనెల్ దరువు వేసింది. ముప్పై రెండేళ్ల రెనెల్ మిగతా రోజుల్లో స్కూలు బస్సు నడుపుతుంది, శనివారం ఇలా కసి తీర్చుకుంటుంది. ఎలోడీ కడ్డీ జార్చింది.

ముందు వరసలో ఒక కుర్రజంట చెవులు మూసుకుంది. మోతకు తట్టుకోలేక పోతున్నారని ఎలోడీ సంబరపడింది. రెనెల్ మొహం చింతపండు నమిలినట్టయింది. పాపం, పాట మనసుకు తగిలింది అనుకుంది ఎలోడీ. గుమ్మం బయట కుక్క ఒకటి ఏడుపు లంకించుకుంది. ఉలిస్ దగ్గర ఫోను మోగడం మొదలై ఆగడం లేదు. ఈ రోజు పాట ఎంత బాగుంటే ఇన్ని ఫోన్లు వస్తాయి! ఎలోడీ గొంతు ఇంకొంచెం పెంచింది.

రెనెల్ వంగి హాడ్లీ చెవిలో ఏదో చెప్పింది. పాట అయ్యీ కాకముందే హాడ్లీ తిరిగాడు.

"ఎలోడీ, ఆ ఈల ఏంటే?"

"ఏ ఈల?" అంది ఎలోడీ.

ఆ రెండు మాటలూ మైకులోంచి బారంతా, బారులోంచి రేడియో ద్వారా మూడు జిల్లాలూ విన్నాయి. పెట్టెలోంచి ఈల వస్తూనే ఉంది. రెనెల్ కర్రలు ఒళ్లో పెట్టుకుని, "అత్తా, నీకు వినపడ్డంలేదా?" అంది, మెల్లగా.

ఎలోడీకి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "వినపడుతోందిలేవే, వేళాకోళానికి అన్నా" అంటే సరిపోయేది. కానీ ఆల్టన్ టోపీ తీసి దణ్ణం పెట్టడం కళ్లముందు కదిలింది. లేచి నిలబడి మైకు తనవైపు లాక్కుంది.

"వినపడ్డంలేదు. నాలుగేళ్లయింది. పై స్వరాలేవీ వినపడవు. కీచురాళ్లు చచ్చిపోయాయని రైతుల్ని తిట్టాను, వాళ్లు నన్ను క్షమించాలి. మీ కాళ్లు చూసి వాయిస్తున్నాను ఇన్నాళ్లూ. నిన్న కూడా మీ కాళ్లు చూసే ఈ ట్యూబులు ఎంచాను. చెవి పోయినవాళ్లకు కుర్చీ లేదని బావ రూలు పెట్టాడు. రూలు రూలే." ఉక్కు కడ్డీని మెత్తటి గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది.

"అసలు ఏ ఈల గురించే మీ గోలంతా?" అని కేకేసింది ఫిలొమీన్ పెద్దమ్మ నడిమధ్య నిలబడి. "నాకేం వినపడ్డంలా!"

"నాకూ వినపడ్డంలేదు," అన్నాడు పక్కనున్న ముసలాయన.

"నేను మీ అందరి మొహాలూ చూసి నేనూ మొహం అలా పెట్టా," అంది ఇంకొకామె.

ఉలిస్‌కు ఇలాంటి అవకాశం ఎన్నేళ్లకోసారి వస్తుంది! మైకు అందుకున్నాడు. "శ్రోతలారా, ఫోన్లు పెట్టేయండి, మీ రేడియోలు బాగానే ఉన్నాయి. బీజో రోడ్డు నుంచి ఫోన్ చేసినాయనా, మీ కుక్క మంచం కిందనుంచి కాసేపట్లో వస్తుంది. ఇక్కడ బారులో ఓట్లు లెక్కపెడుతున్నాం. ఈల వినపడేవాళ్లు చెయ్యెత్తండి!"

తొమ్మిది చేతులు లేచాయి. కుర్రజంట, రెనెల్, బీరు అందించే అమ్మాయి, ఇంకో అయిదుగురు. మిగతా అరవై మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ఎవరికి వారు గుట్టుగా దాచుకున్నది ఒక్కసారిగా నడివీధిలో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అది అంటుకుంది. మొగుడి వీపు మీద ఒకావిడ దబదబా బాదుతూ, "నువ్వు కూడానా? నేనేదో నువ్వు కావాలని పలకట్లేదనుకుని నెల రోజులు మాట్లాడ్డం మానేశా కదయ్యా!" అంటోంది.

పెద్దమ్మ నవ్వలేదు. కర్ర స్టేజీ వైపు చూపించింది. "ఒరే హాడ్లీ, నీ చెయ్యేదిరా?"

హాడ్లీ అటూ ఇటూ చూశాడు. "చేతుల్లో అకార్డియన్ ఉంది పెద్దమ్మా."

"కింద పెట్టి ఎత్తు."

హాడ్లీ డెబ్బై ఏళ్ల బుగ్గలు బీట్‌రూట్‌లా ఎర్రబడ్డాయి.

"ఈల వస్తోందని మావయ్యకు నేనే చెప్పా," అంది రెనెల్. "లేకపోతే ఆయనకేం తెలుసు?"

పైకప్పు ఎగిరిపోయేంతగా నవ్వారు. ఎలోడీకి ముందు వెక్కిళ్లు వచ్చాయి, తర్వాత నవ్వు వచ్చింది, ఆ తర్వాత రెండూ కలిసి వచ్చాయి. కుర్చీలో కూలబడి ఎర్ర చొక్కా చేతులతో కళ్లు తుడుచుకుంది. హాడ్లీ అకార్డియన్ నిజంగానే కింద పెట్టి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఎన్నాళ్లనుంచి బావా?" అంది ఎలోడీ.

"నీకంటే ఒక ఏడాది ముందునుంచి," అన్నాడు హాడ్లీ నేల చూస్తూ. "భయమేసిందే. ఆల్టన్‌ని పంపేస్తే నా మీద ఎవరికీ అనుమానం రాదనుకున్నా. చాలా తప్పు చేశా."

ఆ మాటలు కూడా రేడియోలో వెళ్లాయని వాళ్లిద్దరికీ గుర్తులేదు. ఉలిస్ ఫోను మళ్లీ మోగింది. విని, తల ఊపి, మైకు దగ్గరికి వచ్చాడు. "ఆల్టన్ చేశాడు. ఫిడేలుకు తీగెలు బిగిస్తున్నాడట, పావుగంటలో ఇక్కడుంటాడట. హాడ్లీని తిట్టే మాటలు కూడా కొన్ని చెప్పాడు. రేడియోలో చెప్పే రకం కాదు, పాట అయ్యాక వచ్చి అడగండి."

ఇక పెట్టె సంగతి. వెనక రేకు విప్పారు. కాలిపోతున్న ట్యూబులను ఎలోడీ టోపీతో పట్టుకుని లాగింది. టోపీ హాడ్లీది. మిగతా రెండు జతలూ ఆమె సంచిలోనే ఉన్నాయి. ఏది పెట్టాలని అడిగితే సగం బారు కొత్తదంది, సగం చర్చిదంది.

"చర్చి జత పెట్టు," అంది పెద్దమ్మ స్టేజీ అంచు పట్టుకుని. "నిన్న రెండోసారి వాయించావు చూడు, అది."

"నువ్వు నిద్రపోయావు కదా పెద్దమ్మా!"

"నిద్రా నా మొహమా! కళ్లు మూసుకుని విన్నా. లేచి తిరిగితే పాట చెదిరిపోతుందేమో అనిపించింది. అక్కడ ఒక్కడైనా కదిలాడా? చూళ్లేదా నువ్వు?"

"మరి మూడోసారి అంతా ఎగబడ్డారు కదా?"

"గ్రాటాన్లకే పిచ్చిదానా!"

ఎలోడీ నుదురు కొట్టుకుంది. నాలుగేళ్లుగా ఈ ఊరి కాళ్లు చదువుతోంది. తిండికి లేచే కాళ్లకూ పాటకు లేచే కాళ్లకూ తేడా తెలుసుకోలేకపోయింది. అసలు కదలని కాళ్లంటూ ఉంటాయన్న సంగతే ఆమె లెక్కలోకి రాలేదు.

చర్చి జత గుచ్చింది. మీటరు పెట్టి మర తిప్పింది. రెనెల్ డ్రమ్ముల దగ్గరనుంచి లేచి వచ్చి పెట్టె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నేను వింటా అత్తా. ఇకనుంచి ఏ జతయినా నువ్వు చూడు, నేను వింటా. ఇప్పుడు ఈల లేదు. కొంచెం సన్నగా ఉంది గొంతు... ఇంకొంచెం తిప్పు... ఇంకొంచెం... ఆగు. అక్కడాగు."

ఈలోగా ఉలిస్ దాణా ప్రకటన మూడుసార్లు చదివాడు. గుమ్మంలో చప్పట్లు మోగాయి. ఆల్టన్ వచ్చాడు. హాడ్లీ ఎదురెళ్లి ఏదో అన్నాడు. ఆల్టన్ అతని భుజం మీద ఒక్కటిచ్చాడు, గట్టిగానే. తర్వాత ఇద్దరూ స్టేజీ ఎక్కారు.

వాల్ట్జు ఎత్తుకున్నారు. ఎలోడీ మొదట అలవాటు కొద్దీ నేలవైపు చూసింది. మడమలు తేలుతున్నాయి. పెద్దమ్మ కర్ర లేకుండా ఎవరి చేతుల్లోనో గిర్రున తిరుగుతోంది. బీరు అందించే అమ్మాయి పళ్లెం పక్కన పడేసి కలిసిపోయింది. ఆల్టన్ కాస్త పక్క శ్రుతిలోనే ఉన్నాడని రెనెల్ మొహం చెబుతోంది. అయినా ఆ మొహంలో నవ్వే ఉంది. ఎలోడీకి ఛాతీ నిండిపోయింది. దాచడానికి ఏమీ మిగలకపోవడం ఇంత తేలిగ్గా ఉంటుందని నాలుగేళ్లలో ఎన్నడూ అనుకోలేదు. ఇక నేలవైపు చూడ్డం మానేసి తలెత్తి మనుషుల మొహాలు చూస్తూ వాయించింది.

చివర్లో స్టీలు గిటారు ఒక్కటే మిగులుతుంది. ఎలోడీ కడ్డీని పైపైకి, గీతలన్నీ దాటి, తీగెల చివరన ఉన్న ఖాళీలోకి జార్చింది. అక్కడ గుర్తులేమీ ఉండవు. ఆ స్వరం పలికిస్తూ చెయ్యి సన్నగా వణికించి, ఆగింది. ఆమెకు ఏమీ వినపడలేదు.

హాడ్లీ పక్కకు వంగాడు. "పడిందంటావా?"

"ఏమో బావా. నీకు వినపడిందా?"

"లేదు."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి రెనెల్ వైపు చూశారు. రెనెల్ రెండు కర్రలూ చంకలో పెట్టుకుని మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది. పడిందన్నట్టు తల ఊపింది. ఎదురుగా బారులో ఒక్కరూ కుర్చీల దగ్గరికి వెళ్లలేదు. జంటలన్నీ చేతులు వదలకుండా నిలబడి స్టేజీ వైపే చూస్తున్నాయి.

ఎలోడీ కడ్డీ ఎత్తి, మళ్లీ అదే చోట పెట్టింది.